రొయ్యల కోసం కొళత్తూర్‌కు

మా రాజంపేట వైపు రొయ్య అంటే అంగడిలో కుప్పపోసి అమ్మే ఎండు రొయ్య. వంకాయలో వేసుకుంటాం, టమాటలో వేసుకుంటాం, ఏమీ లేని రోజు వేయించుకుని గట్కలోకి నంజుకుంటాం. అదే రొయ్యను బతికుండగా కొని, అద్దాల తొట్టిలో వదిలి, అది నాచు మేస్తుంటే కూర్చుని చూసేవాళ్లుంటారనీ, వాళ్ల మీద ఆధారపడి చెన్నైలో ఒక పేట బతుకుతోందనీ చెబితే మా అవ్వ నమ్మలేదు. "కూరకక్కరకు రాని రొయ్యల కోసం రైలు టికెట్టా?" అన్నది.

నాకున్నది చిన్న అక్వేరియం. కిటికీ పక్కన పెట్టడంతో ఎండ తగిలి మొక్కల ఆకులకు వెంట్రుకల్లాంటి నాచు పట్టుకుంది. వేళ్లతో పీకితే నాచుతో పాటు మొక్క కూడా వస్తోంది. చెర్రీ రొయ్యలు ఓ ఇరవై వదిలితే అవే మేసేస్తాయని హైదరాబాద్‌లో చేపలు పెంచే మిత్రుడు చెప్పాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే సరిపోయేది. కానీ ఆ మిత్రుడే నోరు జారి కొళత్తూర్ పేరెత్తాడు. వీధి పొడవునా చేపల దుకాణాలే, మిద్దెల మీద కూడా చేపలే అన్నాక ఇంకెవరాగుతారు?

కామారెడ్డిలో రైలెక్కి సికింద్రాబాద్ చేరి, సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. ఎదురు బెర్తులో నెల్లూరాయన. మాటల్లో తెలిసింది, ఆయనది రొయ్యల చెరువుల వ్యాపారం. 2009లో వనామి రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక టైగర్ రొయ్యను అది ఎలా పక్కకు నెట్టిందో, రాత్రంతా ఏరేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి చెరువు ఎలా తేలిపోతుందో వరుసగా చెప్పుకొచ్చాడు. నేనూ రొయ్యల పని మీదే చెన్నై వెళ్తున్నానంటే ముఖం వెలిగింది.

"ఎంత కావాలండి మీకు?"

"ఇరవై."

"ఇరవై టన్నులా?"

"కాదండి. ఇరవై రొయ్యలు."

ఆయన కాసేపు నన్ను చూసి, దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున నేను లేచేసరికి బెర్తు ఖాళీ, నెల్లూరు దాటిపోయింది.

ఎగ్మోర్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సెంట్రల్. 2019లో ఆ రైల్వే స్టేషన్‌కు పెట్టిన పూర్తి పేరు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్. మా కామారెడ్డి స్టేషన్ బోర్డు మీద మూడు భాషల్లో రాసినా ఇంకా చోటు మిగులుతుంది. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి అరక్కోణం వైపు లోకల్ రైళ్లుంటాయి. మీరు దిగాల్సింది విల్లివాక్కంలో. గుర్తుపెట్టుకోండి, దాని తర్వాత కొరట్టూర్ అని ఒక స్టేషనుంది. కొళత్తూర్ అంటే పక్కనున్న పెద్దమనిషికి కొరట్టూర్ అని వినపడింది. ఎంతో ఆప్యాయంగా, సంచి కూడా అందించి మరీ నన్ను అక్కడ దింపాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైల్లోంచి ఆయన చేయి ఊపితే నేనూ ఊపాను.

బయట ఆటో డ్రైవర్‌కు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. రొయ్య ఎలా ఉంటుందో వేళ్లు వంకర తిప్పి, మీసాలు పెట్టి చూపించాను. అర్థమైందన్నట్టు తలూపి తీసుకెళ్లాడు. దించింది చేపల మార్కెట్లో. కత్తిపీటల ముందు ఆడవాళ్లు, ఐసు కింద వంజరం, పళ్లేల్లో అరచేయంత రొయ్యలు. ఒకావిడ పళ్లెం నా ముందుకు జరిపి ధర చెప్పింది. మళ్లీ అభినయం మొదలుపెట్టాను. ఈసారి చేతులతో గాజు పెట్టె గీసి, అందులో రొయ్య ఈదుతున్నట్టు చూపించాను. ఆవిడ పెద్దగా నవ్వి డ్రైవర్‌కు ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే, కొళత్తూర్.

కొళత్తూర్ పేరు రాజకీయాలు చూసేవాళ్లకు తెలిసే ఉంటుంది. 2011, 2016, 2021 ఎన్నికల్లో స్టాలిన్ గెలిచిన నియోజకవర్గం అది. చేపలు పెంచేవాళ్లకు మాత్రం ఆ సంగతి రెండోది. వీధిలోకి తిరగగానే ముందు కనిపించేవి గోడకు వరుసగా వేలాడే పాలిథిన్ సంచులు. ప్రతి దాంట్లో కొంచెం నీళ్లు, మిగతాదంతా గాలి, మధ్యలో గప్పీలో మోలీలో గోల్డ్‌ఫిష్‌లో. ఫైటర్ చేపలు రెండు కలిస్తే కొట్టుకుంటాయి కాబట్టి ఒక్కోటి ఒక్కో సీసాలో. సైకిల్ మీద, మోపెడ్ మీద, ఆటో వెనక సీట్లో చేపల సంచులే ప్రయాణం చేస్తుంటాయి. ఒక దుకాణం ముందు ఎర్రటి ముద్దలుగా చిన్న పురుగులు పెట్టి అమ్ముతున్నారు. ట్యూబిఫెక్స్ అట, చేపలకు తిండి. నీటి ఈగల్ని కూడా నీళ్లతో సహా సంచిలో కట్టి ఇస్తున్నారు. మా ఊళ్లో వానాకాలం గుంటల్లో తొంగిచూస్తే గంతులేసే ఆ చుక్కలకు ఇక్కడ గిరాకీ ఉంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది బాదం ఆకు. మన ప్రతి బడి ఆవరణలో ఉండే బాదం చెట్టు ఆకే. ఎండి రాలాక ఏరి, కడిగి, కట్టలు కట్టి ధర చీటీ అంటించి అమ్ముతున్నారు. నీళ్లలో వేస్తే టీ రంగు దిగుతుంది, నీటి ఆమ్లగుణం కాస్త పెరుగుతుంది. ఆకు మెత్తబడి కుళ్లే కొద్దీ దాని మీద పేరుకునే జిగట పొరను రొయ్యలు ఇష్టంగా తింటాయట. మా ఊరి బడిలో పొద్దున్నే పిల్లలు ఊడ్చి కుప్పేసి తగలబెట్టే ఆకులు కళ్ల ముందు మెదిలాయి. ఒక్కో శీతాకాలంలో ఎంత సొమ్ము పొగవుతోందో!

తెలుగు మాట వినపడే దుకాణం కోసం ఒక్కో గుమ్మం దగ్గరా చెవి ఒగ్గుతూ నడిచాను. ఎక్కువ దూరం వెళ్లాల్సిన పని పడలేదు. ఒక పెద్దాయన ఫోన్‌లో "తెల్లారి వచ్చి తీసుకుపోండి నాయనా" అంటున్నాడు. పలకరిస్తే స్టూలు జరిపాడు. వాళ్ల తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

"ఏ ఊరు మీది?"

"రాజంపేట అన్నా."

"అరె, మన కడప పక్కది! బొంబాయి రైలు పోతాదే ఆ లైన్లో."

"అది కాదన్నా. మాది కామారెడ్డి రాజంపేట."

"ఇంకో రాజంపేట ఉండాదా?"

ఉందని చెప్పాను. 2016లో కామారెడ్డి జిల్లా అయిందనీ, అప్పుడే మా ఊరు మండలం అయిందనీ వివరించాను. ఆయన ముఖంలో ఏమీ పలకలేదు. నిజామాబాద్ పక్కన అనగానే "ఆ, పసుపు!" అన్నాడు. బెల్లం కూడా అన్నా, కామారెడ్డి బెల్లం అని ఒక మాట కలిపాను. ఊరికి మనం కాకపోతే ఎవరు చెప్పుకుంటారు?

రొయ్యలు కావాలనగానే ఆయన వ్యాపారి ధోరణి పోయి బడిపంతులు ధోరణి వచ్చింది. తొట్టి పెట్టి ఎన్నాళ్లయింది, నీళ్లు బోరువా నల్లావా, అందులో ఇంకా ఏ చేపలున్నాయి, మందులేమైనా వేశావా అని వరుసగా అడిగాడు. నా ముందే ఒక కుర్రాడొచ్చి, నిన్ననే కొత్త అక్వేరియం పెట్టానని, యాభై రొయ్యలు కావాలని అడిగాడు. పెద్దాయన అమ్మనన్నాడు. నెల పోయాక రమ్మని తమిళంలో కోప్పడి పంపించేశాడు. చేతికొచ్చిన బేరం వదులుకునే వ్యాపారిని మా వైపు నేనైతే చూడలేదు.

కారణం నాకు తెలుగులో చెప్పాడు. చేపల, రొయ్యల మలం నుంచి నీళ్లలో అమోనియా పుడుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది. ఆ రెండూ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారిస్తే అప్పుడు నీళ్లు బతకడానికి పనికొస్తాయి. ఆ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో, రాళ్ల మీద స్థిరపడటానికి నెలో, ఇంకా ఎక్కువో పడుతుంది. అదీగాక తళతళలాడే కొత్త తొట్టిలో రొయ్యకు తినడానికేముంది? "నాచు లేని తొట్టిలో నాచు తినేదాన్ని వేస్తే అది ఆకలికి చస్తాది" అన్నాడు. కిటికీ పక్కన పచ్చబడిన నా తొట్టి ఫొటో చూపిస్తే మొదటిసారి మెచ్చుకోలుగా తలూపాడు. ఇంట్లో అందరూ తిట్టిపోసిన తొట్టి అది.

ఆయన రొయ్యల్ని పెంచేది దుకాణం మిద్దె మీద. ఇనుప మెట్లెక్కితే పచ్చటి నీడ వల కింద సిమెంటు తొట్లు, వాటి మధ్య తలుపులు ఊడదీసి వెల్లకిలా పడుకోబెట్టిన పాత ఫ్రిజ్‌లు! ఫ్రిజ్ గోడల్లో ఎండ వేడిని ఆపే పొర ఉంటుంది కదా, నీళ్లు తొందరగా వేడెక్కవట. మా ఊళ్లో పాడైన ఫ్రిజ్‌లో బియ్యం పోసుకుంటారు. ఇక్కడ రొయ్యల కాపురం పెట్టారు.

వంగి చూస్తే ముందేమీ కనిపించలేదు. కళ్లు అలవాటు పడ్డాక జావా మాస్ అనే నీటి మొక్క గుబురంతా కదలడం మొదలైంది. వేలి గోరంత ఎర్రటి ప్రాణులు, వందలు. ముందు కాళ్ల చివర బుల్లి బుల్లి కుంచెలుంటాయి. వాటితో ఆకు మీద గీకి నోట్లో పెట్టుకుంటాయి, గీకి పెట్టుకుంటాయి. ఎక్కడా ఆగడం లేదు. మా అవ్వ రోజంతా సద్దుతూనే ఉంటుంది, ఖాళీగా ఉన్నట్టు ఎవరూ చూడలేదు. ఆమె జ్ఞాపకం వచ్చింది.

ముదురు ఎరుపువి ఆడవి, పాలిపోయినవి మగవి. ఒకదాని పొట్ట కింద పసుపు రంగు గుడ్ల గుత్తి, ఓ పాతిక ఉంటాయేమో. వెనక కాళ్లతో వాటికి గాలి విసురుతూనే మేస్తోంది. గుడ్లు పొదగడానికి నెల లోపే పడుతుందట, పిల్లలు పుట్టగానే తల్లి రూపంలోనే, చుక్కంత సైజులో మేత మొదలుపెడతాయి. సహజంగా ఈ జాతి మట్టి రంగులో ఉంటుంది. తైవాన్‌లో ఎంచి ఎంచి పెంచగా ఈ ఎరుపు వచ్చింది. అందుకే రంగులు కలిపి పెంచితే కొన్ని తరాల్లో మళ్లీ మట్టి రంగే తిరిగొస్తుందని, నీలంవీ పసుపువీ ఎర్రవాటితో కలపొద్దని ఆయన హెచ్చరించాడు.

కింద దుకాణంలో ఒక మూల తొట్టిలో వేరే రకం కనిపించింది. గాజు రంగు ఒళ్లు, పక్కన గోధుమ రంగు చుక్కల గీతలు, చెర్రీకి రెట్టింపు పొడవు. అది అమానో రొయ్య. దాని పైన గోడకు తకాషి అమానో ఫొటో. 1954లో జపాన్‌లోని నీగాటలో పుట్టిన అమానో మొదట సైకిల్ పందేల ఆటగాడు. పచ్చిక, రాళ్లు, మొద్దులతో నీళ్ల కింద అడవిని కట్టడం మొదలుపెట్టి 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టాడు. అడవి కట్టడం సరే, నాచుతో వేగేదెలా? 1980ల మొదట్లో ఆయన పట్టుకున్న మార్గం తమ దేశపు వాగుల్లో దొరికే ఈ రొయ్య. అప్పట్నుంచి అది ఆయన పేరుతోనే ప్రపంచమంతా అమ్ముడవుతోంది. 2015లో లిస్బన్ నగరపు ఓషనారియోలో 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లతో చివరి పెద్ద తొట్టి కట్టి, ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు.

వెంట్రుకల నాచు మేయడంలో అమానోను మించింది లేదు. నాకూ అదే కావాలనిపించింది. కానీ దాని ఖరీదుకు ఐదారు చెర్రీలొస్తాయి. ఎందుకంత? ఇది మంచినీళ్లలో బతుకుతుంది, గుడ్లూ పెడుతుంది, పిల్లలు మాత్రం ఉప్పునీళ్లలోనే బతుకుతాయి. జపాన్ వాగుల్లో పొదిగిన పిల్లలు ప్రవాహంలో సముద్రానికి కొట్టుకుపోయి, అక్కడ పెరిగి, మళ్లీ ఎదురెక్కి వస్తాయి. అందుకే అమ్మేవాటిలో ఎక్కువ భాగం వాగుల్లో పట్టినవే. రాజంపేటలో కూర్చుని దాని పిల్లల కోసం సముద్రపు ఉప్పు కలుపుతూ కూర్చోవాలా! మంజీరలో పడిన పిల్ల సముద్రం చేరాలంటే నిజాంసాగర్ దాటాలి, శ్రీరాంసాగర్ దాటాలి, ధవళేశ్వరం దాటాలి. (సరదాకి లెక్కేశానంతే. కొన్న రొయ్యల్ని చెరువుల్లో, వాగుల్లో వదలొద్దు. మన నీళ్లలో మన చిట్టి రొయ్యలు చాలానే ఉన్నాయి.) చెర్రీలే తీసుకుంటానన్నాను.

రైలు సాయంత్రానికి. రొయ్యల్ని చివర్లో కడతానని, ఈలోపు తిని రమ్మని ఆయన పక్క సందులోని మెస్సుకు పంపాడు. పొద్దున రైలు దిగిన దగ్గర పొంగల్ తిన్నాను. మిరియాలు, నెయ్యి, పక్కన గట్టి కొబ్బరి పచ్చడి. మనం ఉప్మా తినే వేళకు వీళ్లు దాదాపు మధ్యాహ్న భోజనం చేసేస్తారు. మెస్సులో అరటాకు వేసి, అన్నం గుట్టగా పోసి, సాంబారు, కారక్కుళంబు, రసం, మజ్జిగ వరసగా పోస్తూ పోయారు. మన కారానికి అలవాటు పడ్డ నాలుకకు కారక్కుళంబులో చింతపులుపే ముందు తగిలింది. స్పెషల్ ఏముందంటే వడ్డించేవాడు ఒక గిన్నె తెచ్చి చూపించాడు. రొయ్యల వేపుడు. పొద్దున్నుంచి రొయ్య కాళ్ల కుంచెలు చూసి మురిసినవాణ్ణి! కాసేపు తటపటాయించాను. తర్వాత తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. సముద్రపు రొయ్య వేరు, చెర్రీ రొయ్య వేరు అని నాకు నేను చెప్పుకున్న మాటకు ఆ వేపుడు రుచి ముందు అవసరమే లేకపోయింది.

తిరిగొచ్చేసరికి సంచి సిద్ధమవుతోంది. రైల్లో నీళ్లు పాడవకుండా పొద్దున్నుంచి వాటికి మేత వేయలేదట. సంచిలో మూడో వంతు నీళ్లు, పట్టుకుని వేలాడటానికి గుప్పెడు జావా మాస్, పైన సిలిండర్ నుంచి ఆక్సిజన్. ఏ ఆధారమూ లేకపోతే రొయ్యలు ఈదీ ఈదీ అలసిపోతాయట. రబ్బరు బ్యాండు మెలితిప్పి, కాగితం చుట్టి, థర్మోకోల్ డబ్బాలో పెట్టి మూతకు టేపు వేశాడు. డబ్బు తీసుకుంటూ మరికొన్ని చెప్పాడు. ఇంట్లో దోమల మందు మిషన్ ఉంటే ఆ గదిలో తొట్టి వద్దు. రాగి ఉన్న చేపల మందు చుక్క కూడా వద్దు. తొట్టి అడుగున తెల్లగా రొయ్య ఆకారం కనిపిస్తే చచ్చిందని ఏడవొద్దు, అది విడిచిన పెంకు, తీసేయొద్దు కూడా, సున్నం కోసం అవే తింటాయి.

దోమల మందు మాట దగ్గర నాకు మా ఊరు గుర్తొచ్చింది. పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన చేతులు తొట్టిలో పెడితే ఏమవుతుందని అడిగాను. ఆయనకు ఆ ప్రశ్న కొత్త. చెన్నైలో మిద్దె మీద పెంచేవాడికి పిచికారీ బాధ ఎక్కడిది? కాసేపాగి, "పురుగుకు పెట్టే మందు దీన్నీ చంపతాది, ఇదీ ఆ కులమే" అన్నాడు. దోమల మిషన్‌లోనూ చాలా పురుగుమందుల్లోనూ ఉండేది పైరెత్రాయిడ్ల కుటుంబమే. అది రొయ్యలకు ప్రాణాంతకం. మన పల్లెల్లో పెంచేవాళ్లకు ఇది అన్నిటికంటే పెద్ద జాగ్రత్త.

తిరుగు రైల్లో ఒళ్లో డబ్బా పెట్టుకుని కూర్చుంటే పెట్టెలో సగం మంది అడిగారు. స్వీట్లా అన్నారు, మందులా అన్నారు. రొయ్యలనగానే ఒకాయన వాసన రాకుండా బాగా ప్యాక్ చేశారని మెచ్చుకున్నాడు.

ఇంటికి చేరాక అసలు పని. చెన్నై నీళ్లు వేరు, మా బోరు నీళ్లు వేరు. పళ్లెం అడుగున తెల్లటి పొర కట్టేంత సున్నం మాది. చెర్రీ పెంకుకు అది మంచిదే గానీ ఒక్కసారిగా వదిలితే తట్టుకోలేవు. మిషన్ భగీరథ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ముందు రోజే బకెట్లో పట్టి ఉంచాలి. పెద్దాయన చెప్పినట్టు మెడికల్ షాపులో సెలైన్ పైపు కొన్నాను. తొట్టి నుంచి గిన్నెలోకి చుక్క చుక్కగా నీళ్లు దింపుతూ గంటకు పైగా కూర్చుంటే, ఎవరికి బాగాలేదని పక్కింటివాళ్లు తొంగిచూశారు. "రొయ్యలకు గ్లూకోజ్ ఎక్కిస్తుండు" అని మా అవ్వ వాకిట్లోంచే జవాబిచ్చింది.

ఆకుల మీద నాచు మెల్లగా తగ్గింది. ఒక్కసారిగా మాయమవడం లాంటిదేమీ జరగలేదు. గాజుకు పట్టిన గట్టి ఆకుపచ్చ చుక్కల్ని అవి ముట్టుకోలేదు, పాత కార్డుతో నేనే గీకుతున్నాను. కిటికీకి పరదా వేశాను, మేత తగ్గించాను. రొయ్యలొక్కటే అన్నీ శుభ్రం చేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎండాకాలానికి మాత్రం మనకో వెసులుబాటుంది. ముప్పై డిగ్రీలు దాటితే చెర్రీలకు కష్టం, మనకు మేలో నలభై దాటుతుంది. కానీ మన గాలి పొడి గాలి. నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై నాలుగు డిగ్రీల దాకా చల్లబడుతుంది. చెన్నై ఉక్కలో ఈ ఉపాయం అంత పారదు.

మీరు వెళ్లేట్టుంటే ఇంట్లో తొట్టి పెట్టి కనీసం నెల దాటాకే వెళ్లండి. విల్లివాక్కంలోనే దిగండి. ప్రశ్నలు అడక్కుండా సంచి కట్టి ఇచ్చే దుకాణం దగ్గర ఆగకండి. పది, పదిహేను చెర్రీలతో మొదలుపెడితే చాలు, మిగతావి అవే పుడతాయి. బాదం ఆకులు మాత్రం అక్కడ కొనకండి, మన ఊరి బడిలో ఊరికే దొరుకుతాయి.